విగ్రహం వెనక గోడ

మా పాతరేవులో సిమెంటు అమ్మేది మేమే. మా నాన్నగారి హయాంలోనూ మేమే, ఇప్పుడూ మేమే. ఈ సంగతి మొదటే ఒప్పేసుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. ఎందుకంటే నేను చెప్పబోయేది పెద్దిరాజు మేస్త్రి గురించి. అతను జీవితంలో ఒక పెద్ద తప్పు చేశాడు, ఆ తప్పుకి బస్తాలు వెళ్లింది మా కొట్టు నుంచే.

పాతరేవు భీమవరానికి దిగువన, కాలువ గట్టున ఉంటుంది. చుట్టూ వరి, వరి తర్వాత రొయ్యల చెరువులు. ఊరికి పేరంటూ ఉంటే అది చర్చి వల్లే. నూట ముప్పయ్యేళ్ల కిందట ఒక విదేశీ ఫాదరు కట్టించాడు. ఆయన అసలు పేరు పలకడం మావాళ్ల వల్ల కాలేదు, గడ్డం ఫాదరు అన్నారు, అదే మిగిలిపోయింది. ఇటుకలు ఇక్కడి బట్టీలవి, దూలాలు బర్మా టేకువి, గంట మాత్రం ఓడలో కాకినాడ దాకా వచ్చి అక్కణ్ణుంచి పడవ మీద మా రేవులో దిగిందట. మొనదేలిన కిటికీలు, వాటికి రంగు అద్దాలు, రెండు మూరల మందం గోడలు. మే నెలలో లోపలికి వెళ్లినా నీళ్లకుండ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. మేము వైశ్యులం, మా గుళ్లు మాకున్నాయి. అయినా మా ఇంట్లో అందరం నిద్ర లేచేది ఆ గంటకే.

పోయినేడాది ఫిబ్రవరిలో, మరియమాతకి చేసే లూర్దుమాత ఉత్సవం అయిన వారానికి ఆ చర్చిని పడగొట్టాలని తీర్మానం చేశారు. చర్చి వ్యవహారాలు చూసే విచారణ సంఘానికి పెద్ద కిరణ్, నలభై ఎకరాల చెరువుల ఆసామి. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఉత్తరపు గోడ నుంచి పళ్లెమంత పెళ్ల ఊడి, పిల్లలు జపం నేర్చుకునే చాప మీద పడింది. పిల్లలు అప్పుడే లేచి వెళ్లారు కాబట్టి సరిపోయింది. ఒక కాంట్రాక్టరు వచ్చి గోడని పొడిచి చూసి, లోపల ఇటుక పిండైపోయింది, ఈ కట్టడం ఇంక నిలవదు అన్నాడు. సరే, కొత్తది కడదాం అనుకున్నారు. పాతదాన్ని జాగ్రత్తగా దించే పని ఊళ్లో పెద్ద మేస్త్రి కాబట్టి పెద్దిరాజుకే అప్పజెప్పారు.

పెద్దిరాజు సంగతి తెలియాలంటే వాళ్ల నాన్న చిట్టియ్య దగ్గర మొదలెట్టాలి. చిట్టియ్య సున్నం మేస్త్రి. సముద్రపు ఊళ్ల నుంచి గుల్ల తెప్పించి, కాల్చి, తడిపి, పెరట్లో గోతిలో నీళ్ల కింద నెలల తరబడి నానబెట్టేవాడు. తర్వాత ఇసక కలిపి గానుగలో వేస్తే ఎద్దు రాతిచక్రాన్ని తిప్పుతూ ఉండేది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాడు. గోడకి మూడు పూతలు. ఆఖరి పూత మీద ఆడవాళ్లు కూర్చుని నునుపు రాయితో రుద్దుతుంటే గోడ కోడిగుడ్డు పెంకులా తేలేది. చిట్టియ్య ఆ గోడని కళ్లతో చూసేవాడు కాదు, అరచేత్తో తడిమేవాడు. ఎక్కడైనా తేడా తగిలితే ఒకటే మాట, "గీకెయ్". పొద్దుణ్ణుంచి చేసిందంతా గీకి మళ్లీ పూయాలి.

ఆ రుద్దుడు పనికి పదిహేనేళ్ల వయసులో వచ్చింది అమ్మణ్ణి. ఆమె చేసిన ముక్క మీద చిట్టియ్య రెండుసార్లు చెయ్యి పెట్టి, ఏమీ అనకుండా ముందుకు వెళ్లిపోయాడట. మూడేళ్లకి ఆమెనే కోడలిగా తెచ్చుకున్నాడు. కొడుకు చేసిన ముక్కల్ని మాత్రం చివరి దాకా గీకిస్తూనే ఉన్నాడు.

పెద్దిరాజుకి సున్నం మీద ఒళ్లు మంట. "సున్నం ఆరేలోపు మనిషి ముసలాడైపోతాడు" అనేవాడు. అప్పటికే పట్నాల్లో సిమెంటు మేస్త్రీలు నాలుగు రోజుల్లో ఇల్లు తేల్చేసి సైకిలెక్కి వెళ్లిపోతున్నారు. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉండి రెండు రకాల పని చేశారు. చిట్టియ్య పోయిన మరుసటి ఏడు తొంభై ఆరు నవంబరు తుఫాను వచ్చింది. ఆ దెబ్బకి చర్చి లోపలి పూత చాలా మటుకు ఊడిపోయింది. అప్పుడున్న ఫాదరు క్రిస్మస్ కాగానే పెద్దిరాజుని పిలిచారు.

అంత పెద్ద పని అతనికి అదే మొదటిసారి. మా కొట్టు నుంచి బస్తాలు బండ్ల మీద వెళ్తుంటే మా నాన్నగారు ముఖం విప్పార్చుకుని చూశారు, నేను లెక్కపెట్టడంలో సాయం చేశాను. రెండు నెలల్లో లోపలి గోడలన్నీ బూడిదరంగులో బల్లపరుపుగా తయారయ్యాయి. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. పెద్దిరాజు తడి సిమెంటు మీద, ద్వారం పక్కన, జానెడు అక్షరాలతో "పెద్దిరాజు మేస్త్రి, 1997" అని తాపీ మొనతో రాసుకున్నాడు. అప్పణ్ణుంచి అతను చుట్టుపక్కల పది ఊళ్లకి మేస్త్రి.

గోడకి మాత్రం అప్పణ్ణుంచే రోగం. ధవళేశ్వరంలో కాలువలకి నీళ్లు వదిలిన కొన్నాళ్లకి మా చర్చి గోడకి తెలిసిపోతుంది. అడుగున చెమ్మ, పైన ఉబ్బులు, ఉబ్బుల మీద తెల్లగా చౌడు, తర్వాత పెళ్లలు. పెద్దిరాజు ఏటా వచ్చి ఊడినచోటల్లా మళ్లీ సిమెంటే వేసేవాడు. కాలువ మంచిది కాదన్నారు కొందరు. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు అన్నారు. గడ్డం ఫాదరు నాసి ఇటుకలు కొన్నాడని కూడా అన్నారు, పాపం ఆయన జవాబు చెప్పుకోలేడు కదా. సిమెంటుని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

గోడంతా పాడైపోతున్నా ఒక్కచోట ఏమీ కాలేదు. ఉత్తరపు గోడకి కాస్త సందు మాత్రం వదిలి మరియమాత విగ్రహం ఉండేది. పూలు పెట్టడానికి చోటు చాలడం లేదని ఇరవయ్యేళ్ల కిందట పీఠంతో సహా దాన్ని ముందుకు జరిపారు. వెనకాల గోడ చూసి అందరూ నోరు తెరిచారు. మూడడుగుల వెడల్పు, మనిషెత్తు, తెల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేదు. అటు చౌడు, ఇటు చౌడు, అమ్మ వెనక మాత్రం మెరుపు. ఇంక చెప్పాలా! అది మరియమ్మ తల్లి మహిమ అన్నారు. చేతిగుడ్డలు ఆనించి ఇంటికి తీసుకెళ్లి రోగుల నుదుటి మీద వేసేవాళ్లు. నరసాపురం నుంచి కూడా జనం వచ్చేవారు. మా ఆవిడ సూర్యకళ కూడా మా అమ్మాయి పదో తరగతి పరీక్షలప్పుడు వెళ్లి హాల్‌టికెట్టు ఆనించి వచ్చింది.

అందరికంటే ముందు వెళ్లేది వీరమ్మ. డెబ్భై ఎనిమిదేళ్ల ముసలావిడ, ఒకప్పుడు చర్చి ఊడ్చేది. రోజూ ఉదయం పూజ కాగానే అరచెయ్యి ఆ గోడకి ఆనించి, అదే చెయ్యి మోకాలి మీద పెట్టుకునేది. ఆ మోకాలితోనే నడిచి వచ్చేది, నడిచి వెళ్లేది. "అమ్మ చల్లదనం ఇది" అనేది. పెద్దిరాజు కూడా అటు వెళ్లినప్పుడల్లా చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవాడు.

ఇలా ఉండగా, మార్చిలో ఒక మంగళవారం పడగొట్టే అంచనా వేయడానికి ఉలి, సుత్తి పట్టుకుని అతను చర్చిలోకి వెళ్లాడు. టేకు దూలాలు ఎలా ఉన్నాయో చూసి ముందుగా బేరమాడుకుందామని నేనూ వెళ్లాను, దాచడమెందుకు. పెద్దిరాజు గోడ వెంబడి తట్టుకుంటూ వచ్చాడు. ఎక్కడ సిమెంటు ఊడబెరికినా వెనక ఇటుక ఎర్రపిండిలా జారింది. అలా విగ్రహం దాకా వచ్చాడు. ఆ మెరిసే ముక్క అంచున, సిమెంటు ఆగిపోయిన చోట, ఉలి పెట్టి చిన్న దెబ్బ కొట్టాడు. ఆ దెబ్బకి ఖంగుమంది. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఖంగుమంది. లోపల నిన్న బట్టీ దించినట్టున్న ఇటుక. కింద పడిన పెచ్చు సిమెంటు కాదు, తెల్లటి సున్నం. అతను ఆ పెచ్చు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. మళ్లీ తీసి చూసి, తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు. నన్ను పలకరించకుండా, సుత్తి అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంట్లో జరిగింది నాకు అమ్మణ్ణి చెప్పింది. పెద్దిరాజు చెప్పి ఉంటే తనే గెలిచినట్టు చెప్పేవాడు. ఆమె అన్నం వడ్డిస్తోందట. అతను పెచ్చు తీసి కంచం పక్కన పెట్టాడు.

"ఇదేంటే?"

అమ్మణ్ణి చూసింది. "మావయ్య గారి సున్నమండి."

"చర్చిలోకెలా వచ్చింది?"

"నేను పూశానండి. ఆ విగ్రహం జరగట్లేదు, వెనకాల ఎవరు చూస్తారు, ఏదో ఒకటి పూసెయ్యవే అని మీరు భోజనానికి వెళ్లిపోలేదా? పెరట్లో గోతిలో మావయ్య గారు తడిపిన ఆఖరి సున్నం రెండు గంపలు మిగిలుంది. పారబొయ్యడానికి మనసొప్పలేదండి. తెచ్చి పూశాను. మీరు పక్క గోడలు చేసినన్ని రోజులూ పీఠం సందులో దూరి రుద్దాను."

"మరి ఇన్నేళ్లూ ఊరంతా మహిమ, మహిమ అంటంటే నోరిప్పవేంటే?"

"మీరడగలేదు కదండీ."

"నేనడక్కపోతే!"

"అయినా, నేను పూశానంటే మిగతాదంతా ఎవరు పూశారంటారు కదండీ. అందుకని ఊరుకున్నాను."

అతను అన్నం ముట్టలేదట. ముప్పయ్యేళ్ల కాపురంలో అన్నం ముందు నుంచి లేచిపోవడం అదొక్కసారే అంది అమ్మణ్ణి, అదీ చేపల పులుసు చేసిన రోజు.

నోరు మూసుకుంటే పెద్దిరాజుకి పోయేదేమీ లేదు. చర్చి పడిపోతుంది, దాంతోపాటు తప్పూ పోతుంది, పైగా పని అతనిదే. నోరు విప్పితే పేరు పోతుంది. అది కాక వీరమ్మ లాంటి వాళ్ల నమ్మకం మీద తన చేత్తోనే సుత్తి వేసినట్టవుతుంది. ఐదు రోజులు అతను పనికి రాలేదు. ఆదివారం పూజ చివర ఫాదర్ జోజిబాబు ప్రకటనలు చదువుతుంటే వెనక తలుపు దగ్గర తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఫాదరు గారండీ, ఒక్క మాటండి. గోడ పడగొట్టొద్దండి. ఆ ఇటుకల్ని పాడుచేసింది నేనండి."

అందరూ వెనక్కి తిరిగారు. పెద్దిరాజు పూజలో ఏదో చెబుతాడని కబురు తెలిసి నేనూ వచ్చి బయట మెట్ల మీద నిలబడ్డాను. ఒక స్తంభం వెనక్కి జరిగాను కూడా.

"పాతగోడ అడుగు నుంచి నీళ్లు తాగుద్దండి. సున్నమైతే ఆ చెమ్మని బయటికి వదిలేస్తదండి. నేను సిమెంటుతో దాని నోరు మూసేశానండి. ఎటూ వెళ్లే దారి లేక లోపలే ఉండి ఇటుకని తినేసిందండి. మా నాన్న చెప్పేవాడండి, నేను వినలేదు."

కిరణ్ లేచాడు. "ఇప్పుడిలా అంటే ఎలా మేస్త్రీ? రేపు పిల్లల మీద గోడ పడితే ఎవరు జవాబుదారీ? లోపల ఇటుక బాగుందని నీకెలా తెలుసు?"

"విగ్రహం వెనకాల బాగుంది కదా బాబూ. అది..." అని ఆగిపోయాడు. ముందు వరసలో వీరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ వైపు చూడలేక నేల చూశాడు. "అది మా అమ్మణ్ణి పూసిన సున్నమండి. సిమెంటు తగల్లేదు. అందుకనే నిలిచింది."

వీరమ్మ నెమ్మదిగా లేచి, బల్లలు పట్టుకుంటూ నడిచి, అతని పక్క నుంచే బయటికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది అని పెద్దిరాజు నాతో చాలాసార్లు అన్నాడు.

ఫాదర్ జోజిబాబు చిన్నవాడే గాని ఆలోచన గలవాడు. తీర్మానం ఆపి, భీమవరం ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే సాయిప్రసన్న అనే అమ్మాయిని పిలిపించారు. ఆమె రెండు రోజులు గోడకి పరికరాలు పెట్టి చూసింది. పైపైన అంగుళం, రెండంగుళాల మేరే ఇటుక పోయిందని, లోపల గోడ గట్టిగా ఉందని తేల్చింది. కిరణ్ ఆ రిపోర్టు రెండుసార్లు చదివి, "సరే, ఇంకో నూరేళ్లు మనకి పని తప్పింది" అన్నాడు. సాయిప్రసన్న వెళ్తూ వెళ్తూ పెద్దిరాజుతో, "నేను నలభై పేజీలు రాయాలండి, మీరు నాలుగు ముక్కల్లో చెప్పేశారు" అంది. అతను ఆ మాటని ఇప్పటికీ రోజూ ఎవరికో ఒకరికి చెబుతాడు.

వేసవిలో కాలువలు కట్టేశాక సిమెంటు తీయడం మొదలెట్టారు. తనే తీస్తానన్నాడు పెద్దిరాజు. కూలీ తీసుకోనన్నాడు. ద్వారం పక్కన తన పేరున్న చోటుకి వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. ఉలి పెట్టి "పెద్దిరాజు మేస్త్రి"ని ఒక్క పెచ్చుగా ఊడగొట్టి నా చేతికిచ్చాడు. "మీ సరుకు మీకు వాపసండి షావుకారు గారూ" అన్నాడు. అది ఇప్పుడు నా గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. ఎవరైనా పాతింటి గోడకి సిమెంటు అడిగితే ముందు అది చూపిస్తాను. బేరాలు కొన్ని పోయాయి. పోతే పోయాయి.

వానాకాలమంతా గోడ బట్టలిప్పిన మనిషిలా ఉండిపోయింది. పోయిన ఇటుకలు మార్చారు. కార్తీకం దాటాక సున్నం పని. పెద్దిరాజు పెరట్లో గానుగ రాయి బోర్లా పడి ఉంది, అమ్మణ్ణి దాని మీదే బట్టలు ఉతికేది. దాన్ని కడిగి నిలబెట్టారు. ఎద్దు దొరక్క ట్రాక్టరు కట్టారు. ఇక అక్కణ్ణుంచి మేస్త్రి అమ్మణ్ణి, కూలీ పెద్దిరాజు.

"బెల్లం తగ్గించండి, చీమలకి విందు పెడతారేంటండి?" అనేది. "ఆ చెయ్యి గోడ మీదుందా, భీమవరం బస్టాండులో ఉందాండి?" అనేది. అన్నిటికీ చివర అండి ఉండేది, అందుకని అతను ఏమీ అనలేకపోయేవాడు. రుద్దుడు పని తనూ చేస్తానన్నాడు. సరేనని విగ్రహానికి ఎడమ పక్క ముక్క ఇచ్చింది. సాయంత్రం అరచెయ్యి పెట్టి చూసి "గీకెయ్యండి" అంది. గీకాడు. రెండోసారీ అదే మాట. గీకాడు. మూడోసారి ఆమె చెయ్యి పెట్టి, ఏమీ అనకుండా పక్కకి వెళ్లిపోయింది. బాగుందో లేదో తెలియక అతను రెండు రోజులు నా ప్రాణం తీశాడు.

అంతా బాగానే ఉంది గాని వీరమ్మ మాత్రం గోడ దగ్గరికి రాలేదు. పూజకి వచ్చేది, దక్షిణం వైపు కూర్చునేది, అటు నుంచి అటే వెళ్లేది. మోకాలు బాగా పట్టేసింది, కర్ర వచ్చింది. "ఆ ముసలమ్మకి నేనే అడ్డం పడ్డానండి" అని పెద్దిరాజు బాధపడేవాడు. చర్చి నిలబడినందుకు ఎంత సంతోషమో దీనికి అంత దిగులు.

ఈ ఫిబ్రవరి పదకొండు, లూర్దుమాత ఉత్సవం. తేరు మీద ఊరేగింపు కోసం విగ్రహాన్ని తెల్లవారగానే బయటికి తెచ్చారు. ఉత్తరపు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏ అడ్డూ లేకుండా తెల్లగా మెరుస్తోంది. రంగు అద్దాల ఎండ దాని మీద పడింది. పెద్దిరాజు, అమ్మణ్ణి, నేను ఓ మూల నిలబడి చూస్తున్నాం. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పుడు కర్ర చప్పుడైంది. వీరమ్మ ఒక్కతే వచ్చింది. మమ్మల్ని చూడలేదు, ఆవిడకి చూపు ఆనదు. కర్ర బల్లకి ఆనించి, అరచెయ్యి గోడ మీద పెట్టి, ఆ చివర నుంచి నెమ్మదిగా తడుముకుంటూ వస్తోంది. ఆ పాత ముక్క కోసం వెతుకుతోందని అర్థమైంది. దాని మీదుగానే చెయ్యి పోనిచ్చింది, ఆగలేదు. పెద్దిరాజు "అమ్మా, అదిగో..." అనబోతే అమ్మణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

వీరమ్మ ఇంకో నాలుగడుగులు ఇటు వచ్చి ఆగింది. అరచెయ్యి పైకీ కిందికీ తిప్పింది. చెంప ఆనించింది. కాసేపు పెదాలు కదిలాయి. తర్వాత ఆ చెయ్యి మోకాలి మీద పెట్టుకుంది. కర్ర తీసుకుని తిరిగేసరికి మేము కనబడ్డాం.

"ఎవరు, అమ్మణ్ణా?" అంది. "ఏడాదిపాటు నీ మీద కోపంగానే ఉన్నానమ్మా. మరియమ్మ చేసిందనుకుంటే నువ్వు చేశావంట. సరేలే, చివరికి పట్టుకున్నాను. అంతా ఒక్కలాగ పూసేస్తే నాకు తెలీదనుకున్నావేంటి? ఇరవయ్యేళ్లు తడిమిన చెయ్యి. నీ ముక్క ఇదే."

ఆవిడ చెయ్యి ఆనించింది ఎడమ పక్క ముక్కకి. పెద్దిరాజు చేత రెండుసార్లు గీకించిన ముక్క.

అమ్మణ్ణి ఆ ముసలమ్మ భుజం పట్టుకుని, "అదేనండి పిన్నిగారూ" అంది. గుమ్మం దాకా దిగబెట్టి వచ్చింది.

పెద్దిరాజు అక్కడే నిలబడి ఉన్నాడు. అరవయ్యేళ్ల మనిషి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆ ముక్కనే చూస్తున్నాడు. బయట గంట మొదలైంది, తేరు కదులుతోంది.

"బాగుందా అమ్మణ్ణీ?" అన్నాడు.

ఆమె వచ్చి, గోడ మీద అరచెయ్యి పెట్టి, తొందరపడకుండా చివరి దాకా తడిమింది.

"మావయ్య గారొచ్చినా గీకమనరండి" అంది.